అందుకునేవాళ్లు

అమెరికాలో పిస్కాటవే చుట్టుపక్కల తెలుగువాళ్లకి హరనాథ్ అంటే ఎవరో చప్పున తట్టేది కాదు. 'దగ్గుల హరనాథ్' అంటే మాత్రం పిల్లలకి కూడా తెలిసేది. పాపం ఆయనకేదో ఉబ్బసం ఉందనుకునేరు. నిక్షేపంలాంటి మనిషి. ఇతరుల దగ్గులు తీసేయడం ఆయన పని. ఉగాదికో దీపావళికో ఏ హైస్కూలు హాల్లోనో మనవాళ్లు కచేరీ పెట్టుకుంటే, ఆయన ముందు వరసలో రెండు మైకులూ ఒక రీల్ మెషీనూ పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చునేవాడు. తర్వాత రెండు వారాలపాటు ఆ టేపుని బ్లేడుతో కోస్తూ, అతికిస్తూ, అందులోంచి దగ్గులు, పసిపిల్లల ఏడుపులు, కుర్చీల కిర్రులు, "బాత్‌రూమ్ ఎటండీ" అనే గుసగుసలు ఏరి పారేసేవాడు. చివరికి ఆయనిచ్చిన కేసెట్ వింటే, ఆ కచేరీకి అసలు జనమెవరూ రాలేదేమో అనిపించేది. ఆ మాట ఎవరైనా అంటే ఆయన మెప్పుగానే తీసుకునేవాడు.

ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. తెనాలిలో పుట్టి, విజయవాడ రేడియో స్టేషన్‌లో పదకొండేళ్లు టెక్నీషియన్‌గా చేసిన మనిషి. ప్రసారంలో ఒక్క తుమ్ము వినిపిస్తే మర్నాడు సంజాయిషీ రాసుకోవలసిన ఉద్యోగం అది. పాట పాటే, తక్కినదంతా చెత్త అన్న సంగతి అక్కడే ఆయనకి నరనరానా జీర్ణించుకుపోయింది. 1969లో అమెరికా వచ్చి, అక్కడా ఇక్కడా నాలుగు ఉద్యోగాలు మారి, చివరికి యూనివర్సిటీలో లాంగ్వేజ్ ల్యాబ్‌లో కుదురుకున్నాడు. విద్యార్థులు బారుగా కూర్చుని ఫ్రెంచి, రష్యన్, ఫార్సీ పాఠాలు టేపుల మీద వినే గది అది. ఆ టేపులు తయారుచేయడం, తెగినవాటిని అతకడం ఆయన పని. భార్య కామేశ్వరి ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేది. శనివారాలు బేస్‌మెంట్‌లో మన పిల్లలకి సంగీతం చెప్పేది. ఆవిడ పాటకి ఈయన టేపు. ఇద్దరికీ వేరే సరదాలు పెద్దగా లేవు.

గౌహర్ పరిచయమైంది అన్నం దగ్గర. యూనివర్సిటీ డైనింగ్ హాల్లో ఆవిడ వడ్డించేది. హరనాథ్ ఇంటి నుంచి డబ్బాలో అన్నం, ఆవకాయ తెచ్చుకుని, అక్కడ పెరుగు మాత్రం కొనుక్కునేవాడు. అన్నంలో పెరుగు కలుపుకుని తినే మనిషిని ఆ దేశంలో చూడటం ఆవిడకి అదే మొదటిసారట. వాళ్ల ఊళ్లో కూడా పెరుగు లేనిదే ముద్ద దిగదని చెప్పింది. ఆ మర్నాటి నుంచి గిన్నె అడుగున ఎర్రగా వేగిన మాడుచెక్క ఆయన కోసం పక్కకి తీసి ఉంచేది.

ఆవిడది ఇరాన్‌కి పడమటి అంచున కిర్మాన్‌షా దగ్గర కొండల్లో ఒక పల్లె. కుర్దులు. భర్త ఫరీదూన్ 1977లో ఇంజనీరింగ్ చదవడానికి వస్తే వెంట వచ్చింది. మరుసటి సంవత్సరమే దేశం తలకిందులైంది. స్కాలర్‌షిప్ ఆగిపోయింది, ఫరీదూన్ పెట్రోలు బంకులో చేరాడు, ఈవిడ వంటశాలలో చేరింది. ఇంటికి వెళ్లే దారి మూసుకుపోయింది. ఆవిడ మాట్లాడేది నాలుగు ఇంగ్లీషు ముక్కలే అయినా, చెప్పదలుచుకున్నది సూటిగా చెప్పేది.

ఒకరోజు పళ్లేలు సర్దుకుంటూ, అరచెయ్యి చెవి పక్కన ఆనించి, గొంతులోనే ఏదో పాడుకుంటోంది. తాళం లేదు. నాలుగైదు స్వరాల్లోనే పైనుంచి కిందికి జారి, ఒకచోట నిలబడి వణికి ఆగిపోతోంది. హరనాథ్ ఆ పూట పెరుగన్నం మర్చిపోయాడు. అది హోరె అంది గౌహర్. చాలా పాతదట. గుర్రం మీద ఒంటరిగా వెళ్లేవాడు, మందతో కొండెక్కినవాడు, మనసు బాగాలేనివాడు పాడుకునేదట. హరనాథ్ దాన్ని దారిపొడుగునా నోట్లో పెట్టుకుని ఇంటికి తెచ్చి కామేశ్వరికి వినిపించాడు. ఆవిడ హార్మోనియం ముందేసుకుని గాంధారం కోసం చాలాసేపు వెతికింది. అది రెండు మెట్ల మధ్యలో ఎక్కడో పడుతోంది. మన లెక్కలో దొరకదులెండి అని హార్మోనియం మూసేసింది.

మరో పూట గౌహర్ ఇంకొక సంగతి కూడా చెప్పింది. హోరె ఎప్పుడైనా పాడుకోవచ్చు. ఇంచుమించు అదే వరసలో మోర్ అని ఇంకొకటి ఉంది, అది మాత్రం మనిషి పోయినప్పుడే. ఊరికే పాడితే చావుని ఇంటికి పిలిచినట్టేనట. ఎవరు ఎత్తుకుంటారు, ఎలా సాగుతుంది అన్నది కూడా ఆవిడ చెప్పబోయింది గాని, హరనాథ్ ఆ గాంధారం ఆలోచనలో పడి సరిగా వినలేదు. చెవులే జీవనాధారమైన మనిషి, వినవలసినప్పుడు వినలేదు.

1982 ఏప్రిల్‌లో ఒకనాడు గౌహర్ కౌంటర్ దగ్గర లేదు. నాలుగు రోజుల తర్వాత కనబడినప్పుడు, నెట్ టోపీ కింద ఆవిడ జడ లేదు. వాళ్ల కొండల్లో అయినవాళ్లు పోతే ఆడవాళ్లు జడ కోసుకుంటారని ఆయనకి తర్వాత తెలిసింది. హాంబర్గ్‌లో ఉన్న పినతండ్రి కొడుకు రాశాడు. ఇరాక్‌తో యుద్ధం మొదలయ్యాక ఊరు ఖాళీ చేయించారు. తల్లి ఖావర్ చలికాలంలో గుడారాల్లో జబ్బుచేసి పోయింది. విమానాల భయంతో గంటలో పాతిపెట్టేశారు. తోడున్న ఆడవాళ్లు అప్పటికే తలో దిక్కుకీ చెదిరిపోయారు.

"మోర్ లేకుండా వెళ్లిపోయింది" అంది గౌహర్. "ఊళ్లో ఎవరు పోయినా మా అమ్మే ఎత్తుకునేది. ఆవిడకి మాత్రం ఎవరూ ఎత్తుకోలేదు."

ఏప్రన్ జేబులోంచి ఒక కేసెట్ తీసి ఆయన చేతిలో పెట్టింది. 1978లో గౌహర్ తండ్రి పోయినప్పుడు, కూతురు రాలేదు కదా అని, ఆ మోర్ అంతా రికార్డు చేసి అమెరికాకి పంపించారట. అందులో ఎత్తుకున్నది తల్లే. నాలుగేళ్లుగా వినీ వినీ అది సన్నబడిపోయింది. కబురు అందిన నలభయ్యో రోజు నాడు ఇక్కడున్న నలుగురు ఇరానీ ఆడవాళ్లని పిలిచి దీన్ని పెడతానంది. తనకి ఎత్తుకోవడం రాదు. పుట్టినప్పటి నుంచి తల్లి వెనక అందుకోవడమే తప్ప ముందుండి పాడింది లేదు. అంచేత తల్లి మోర్ తల్లి గొంతుతోనే జరగాలి. అది వినపడేలా చెయ్యమని అడిగింది.

హరనాథ్ కేసెట్‌ని వెలుతురుకి పట్టి చూశాడు. రెండు గంటల కేసెట్, ఉల్లిపొరంత పల్చటి టేపు. ఒక్కసారే తిప్పగలను, రెండోసారికి గ్యారంటీ లేదని ముందే చెప్పాడు. ఆ మాట నిజమే అయింది. రీలు మీదికి ఎక్కించడం సవ్యంగా జరిగింది. వెనక్కి తిప్పుతుంటే కేసెట్ టేపు మెషీన్‌లో చుట్టుకుపోయి ముక్కలు ముక్కలైంది. పోతేపోయింది, రీలు మీద భద్రంగా ఉందిగా అనుకున్నాడు. మామూలుగా అయితే ఏ టేపు మీద బ్లేడు పెట్టేముందైనా రెండో కాపీ తీసుకునేవాడు. ఆ రోజు తీయలేదు. ఎందుకు తీయలేదంటే పొగరు. ఇరవై నాలుగేళ్లలో తప్పు కోయని చెయ్యి ఇది అనే పొగరు.

మూడు రోజులు భోజనం మానేసి దాని మీద కూర్చున్నాడు. ఖావర్ గొంతు జీరగా, గట్టిగా ఉంది. ఒక మాట ఎత్తుకుని, కిందికి తెచ్చి, ఆపుతోంది. ఆపగానే ఇరవై ముప్ఫైమంది ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమంటున్నారు. మైకు తట్టుకోలేక ఆ చోటంతా బరబరమంటోంది. ఆ గోలలోనే దగ్గులు, పసిపిల్లాడి ఏడుపు, కోడి కూత. అది కాస్త తగ్గాక మళ్లీ ఆవిడ. పాపం పాడే మనిషిని పాడనివ్వడం లేదు, దుఃఖం ఆపుకోలేక మధ్యలో అడ్డం పడుతున్నారు అనుకున్నాడు హరనాథ్. ఆ గోలలన్నీ ఒకటొకటిగా కోసేశాడు. ఆవిడ మాట పక్కన ఆవిడ మాట చేర్చి, అతుకు తెలియకుండా అతికించాడు. ఇరవై ఏడు నిమిషాల టేపు పద్దెనిమిది నిమిషాలైంది. కోసిన ముక్కలతో చెత్తబుట్ట నిండింది. శుక్రవారం సాయంత్రం బుట్టని తలుపు బయట పెట్టి, మిగిలిన పాటని కొత్త కేసెట్‌లోకి ఎక్కించి, జేబులో వేసుకుని ఇంటికి బయల్దేరాడు.

ఏ పని చేసినా ముందు కామేశ్వరికి వినిపించడం ఆయనకి అలవాటు. ఆవిడ కూర తరుగుతోంది. రెండు నిమిషాలు విని, శుక్రవారం పూట ఇంట్లో చావు పాటేమిటండీ అని విసుక్కుంది. ఆయన ఆపబోతే, ఉండమని చెయ్యి చూపించి మళ్లీ వింది.

"ఏమండీ, ఇంతసేపూ ఈవిడ ఒక్కత్తే పాడుతోందేంటి? శోకాలు పెట్టేటప్పుడు పక్కనున్నవాళ్లు అందుకోరూ?"

"అందుకుంటున్నార్లే. ఒకటే నాయిస్. అదంతా కట్ చేశా."

కామేశ్వరి కత్తి కింద పెట్టింది. "మీరు దగ్గులనుకుని పాటనే తీసేశారేమో. ముందు ఆవిణ్ణి అడగండి" అంది.

నీకేం తెలుసులే అన్నాడు హరనాథ్. ఇది ఫోక్ మ్యూజిక్, పాడేది ఒక్కావిడే, మిగతావాళ్లంతా ఆడియన్స్ అని వివరించాడు. ఆవిడ కత్తి అందుకుని మళ్లీ కూర తరుక్కుంది.

సోమవారం మధ్యాహ్నం పళ్లేల అరల వెనక నిలబడి గౌహర్ చిన్న ప్లేయర్‌లో కేసెట్ పెట్టుకుంది. మొదటి మాటకి ఆవిడ మొహం వెలిగింది. గొంతు అంత దగ్గరగా, అంత స్పష్టంగా వినపడుతోంది. రెండో మాటకి కనుబొమలు ముడిపడ్డాయి. మూడోదానికి అటూ ఇటూ చూసింది. తర్వాత ఆపేసింది.

"మా మేనత్తలేరి?" అంది.

శబ్దం ఎక్కువగా ఉంటే తీసేశానని ఆయన చెప్పబోయాడు. గౌహర్ గొంతు పెంచలేదు. ఆవిడ చెప్పింది ఇది. "హర్‌నాత్ గారూ, మా అమ్మ ఆగేది ఊపిరి తీసుకోవడానికి కాదు. వాళ్లకి ఇవ్వడానికి. ఎవరూ అందుకోకపోతే పోయినవాడు దిక్కులేనివాడని అర్థం. మా నాన్న పోతే ఊరంతా వచ్చింది. మీరు ఆయన్ని దిక్కులేనివాణ్ణి చేశారు. మా అమ్మని తనలో తను పాడుకునే పిచ్చిదాన్ని చేశారు."

కేసెట్ తీసి ఆయన ముందు పెట్టి, వెళ్లి మళ్లీ అన్నం వడ్డించడానికి నిలబడింది.

హరనాథ్ పరుగున వెళ్లి ల్యాబ్ భవనం వెనక చెత్త డబ్బాలన్నీ వెతికాడు. శనివారం ఉదయమే బండి వచ్చి పట్టుకుపోయిందట. ఆ డబ్బాల పక్కన మెట్టు మీద కూర్చుని ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. ఇంటికి వెళ్లాక కామేశ్వరికి జరిగింది చెప్పాడు. నే చెప్పానా అని ఆవిడ అనలేదు. అని ఉంటే కాస్త తేలికపడేవాడేమో.

వారం తిరిగేసరికి ల్యాబ్‌లోకి మెహ్దీ గారు వచ్చారు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన డెబ్భై ఏళ్ల రిటైర్డ్ మాస్టారు. ఫార్సీ పాఠాలకి గొంతు ఇచ్చేది ఆయనే. సితార్‌కి పిల్లలాంటి సెతార్ అనే వాద్యం కూడా వాయిస్తారు. ఆ రోజు రెండు పాఠాలు చదివి, ఏమిటయ్యా నీ మొహం అలా ఉంది అని అడిగారు. హరనాథ్ దాచకుండా చెప్పేశాడు.

పెద్దాయన గడ్డం రుద్దుకున్నారు. మేం పట్నంవాళ్లం చేసింది కూడా ఇంచుమించు ఇదే అన్నారు. కొండల్లో పాడుకునే వరసలు ఎన్నో తెచ్చి, మొహం కడిగి, కొత్త బట్టలు వేసి దర్బారు సంగీతంలో కూర్చోబెట్టారట. బయాతే కుర్ద్ అని ఒక వరసకి కుర్దుల పేరే ఉంది గాని, దాన్ని పాడే టెహ్రాన్ పెద్దమనిషి కుర్దుల ఇంట్లో ఒక పూట టీ తాగి ఎరగడట. కానీ ఒక్క పద్ధతి మాత్రం తాము పారేయలేదన్నారు. పాడేవాడు ఒక మాట పాడి ఆగుతాడు. తార్ వాయించేవాడో, సెతార్ వాయించేవాడో అప్పుడు దాన్ని అందుకుంటాడు. దాన్ని జవాబు అంటారు. జవాబు లేని పాట సగం పాట అన్నారు.

హరనాథ్‌కి చెంప మీద కొట్టినట్టయింది. కామేశ్వరి రాగం ఎత్తుకుని ఒక చోట ఆగితే, వయొలిన్ ఆ ముక్కనే అందుకుని తిరిగి పాడుతుంది. ఎన్ని వందల కచేరీలు కోశాడు, ఒక్కనాడైనా ఆ వయొలిన్ని కోశాడా? అక్కడ పట్టుచీర, జరీ పంచె, స్టేజీ ఉన్నాయి. ఇక్కడ నేల మీద కూర్చుని ఏడ్చే ఆడవాళ్లు ఉన్నారు. అందుకే అది జవాబుగా వినపడలేదు. సిగ్గుతో ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ పోయిన జవాబులు ఎక్కణ్ణుంచి తెచ్చేదని అడిగాడు.

"ఎవరు తెమ్మన్నారు?" అన్నారు మెహ్దీ గారు. "జవాబు ఏ రోజుకి ఆ రోజు పుట్టాల్సిందే. పాడే మనిషి ఇచ్చేది చోటు మాత్రమే. నువ్వు తీసేసింది ఆ చోటు."

ఆ మాట పట్టుకుని హరనాథ్ గౌహర్ దగ్గరికి వెళ్లి, కోసిన చోటల్లా ఖాళీ తిరిగి పెడతానన్నాడు. రెండు రోజులు ఆవిడ పెరుగు గిన్నె ముందుకి తోసి, వెనకవాళ్లకి వడ్డించడానికి తిరిగిపోయింది. మూడో రోజు మెహ్దీ గారు తనకి తెలిసిన మాహ్‌తాబ్ అనే ఆవిణ్ణి డైనింగ్ హాల్‌కి తీసుకొచ్చారు. న్యూ బ్రన్స్‌విక్‌లో ఒక దర్జీ దుకాణంలో బట్టలు సరిచేసే ఆవిడ. లూరిస్తాన్‌లో కూహ్‌దష్త్ ఊరు, లక్ జాతి మనిషి. గౌహర్ ఊరికీ ఆవిడ ఊరికీ మధ్య కొండదారిన మూడు రోజుల నడక. ఇద్దరి భాషలూ ఒకరివి ఒకరికి సగం తెలుస్తాయి, మిగతా సగానికి ఫార్సీ కావాలి. మాహ్‌తాబ్ గౌహర్ చెయ్యి పట్టుకుని, తన భాషలోని మోర్‌లోంచి ఒక్క మాట చెవి దగ్గర మెల్లగా పాడింది. గౌహర్ తల ఎత్తింది. అది తన తల్లి వరసే. మాటలు వేరు, జారే చోటు అదే, ఆగే చోటు అదే.

"చావు ఇంటికొచ్చినా, అందుకోవడానికి మేం బతికే ఉన్నాం కదా. నీ మేనత్తలు లేరు, నేనున్నాను" అంది మాహ్‌తాబ్.

శనివారం మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు నలుగురూ కూర్చున్నారు. ఎక్కడెక్కడ కోశాడో హరనాథ్‌కి తెలుసు, అతుకులు కనబడతాయి. ఒక్కో చోట ఎంతసేపు కోశాడో గుర్తులేదు. ఇక్కడ ఎన్ని సెకండ్లు అని గౌహర్‌ని అడిగాడు. ఏడుపు ఎన్ని సెకండ్లో నాకెలా తెలుస్తుందని అడిగింది ఆవిడ. పోనీ ఒక్కసారి మీరిద్దరూ పాడి చూపించండి, కొలుచుకుంటానన్నాడు. మాహ్‌తాబ్ తల అడ్డంగా ఊపింది. కొలత కోసం ఏడిస్తే అది అబద్ధం అవుతుంది, పోయినామెకి అది చేరకూడదు. చివరికి గౌహరే దారి చెప్పింది. తల్లి ఆగగానే తన అరచెయ్యి బల్ల మీద పెట్టింది. కళ్లు మూసుకుని, లోపల వాళ్లందరి గొంతులూ వింది. అవి తగ్గాక చెయ్యి తీసింది. హరనాథ్ వాచీ చూసి రాసుకున్నాడు. ఒకచోట ఏడు సెకండ్లు, ఇంకొకచోట ఇరవై ఒకటి. తండ్రి చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయని తల్లి పాడిన చోట ఆవిడ చెయ్యి బల్ల మీద ముప్ఫై సెకండ్లు దాటినా లేవలేదు. ఎవరూ తొందరపెట్టలేదు.

ఇరవై మూడు చోట్ల ఆయన తన అతుకులు తానే విప్పి, మధ్యలో ఏ శబ్దమూ లేని ఖాళీ టేపు కొలిచి అతికించాడు. జీవితమంతా చెత్త తీసేసిన చెయ్యి మొదటిసారి ఏమీ లేనిదాన్ని తెచ్చి చేర్చింది. పాటలో ఖాళీ ఉండటం ఆయన ప్రాణానికి ఎంత కష్టమో ఆ పని తెలిసినవాళ్లకి తెలుస్తుంది. ఈసారి రెండో కాపీ తీశాడు, మూడోది కూడా తీశాడు.

మే నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం నలభయ్యో రోజు జరిగింది. గౌహర్ వాళ్ల చిన్న అపార్ట్‌మెంట్ నిండా మనుషులు. నేల మీద దుప్పటి పరిచి ఖావర్ ఫోటో పెట్టారు. ఖర్జూరాలు, పిండితో చేసిన హల్వా, టీ. మాహ్‌తాబ్, ఇంకో ఇద్దరు లూరీ ఆడవాళ్లు, టెహ్రాన్ నుంచి వచ్చిన ఐదుగురు. మగవాళ్లు వంటింటి వైపు నిలబడ్డారు. కామేశ్వరి కూడా వచ్చింది. తనకేం పని అక్కడ అని ఉదయం దాకా అంటూనే ఉంది, తీరా వేళయ్యేసరికి తెల్లచీర కట్టుకుని కారెక్కి కూర్చుంది.

ఫరీదూన్ కేసెట్ పెట్టాడు. ఖావర్ ఎత్తుకుంది. మొదటి మాట జారి, వణికి, ఆగింది.

ఎవరూ పలకలేదు. టెహ్రాన్ ఆడవాళ్లకి ఆ పద్ధతి తెలియదు, తలలు దించుకున్నారు. మాహ్‌తాబ్ గౌహర్‌కేసి చూస్తోంది. కూతురుండగా తను ముందు అందుకోకూడదు. ఫ్రిజ్ మోత వినపడుతోంది. ఏడు సెకండ్లూ అలాగే గడిచిపోయాయి. ఉన్న జవాబులు పారేసి, ఖాళీ పట్టుకొచ్చి పెట్టాను, ఈ తల్లి మళ్లీ ఒంటరిదైపోతోంది అనుకున్నాడు గోడకి ఆనుకున్న హరనాథ్. రెండో మాట వచ్చింది. మళ్లీ ఖాళీ. గౌహర్ పెదవులు బిగబట్టుకుని ఫోటోకేసే చూస్తోంది.

మూడో ఖాళీలో మాహ్‌తాబ్ ఇక ఆగలేదు. ఆవిడ వెనకే లూరీ ఆడవాళ్లిద్దరూ అందుకున్నారు. నాలుగోదానికి టెహ్రాన్ ఆవిడ ఒకతె మొహం చేతుల్లో దాచుకుని బిగ్గరగా ఏడ్చింది. ఏడోదో ఎనిమిదోదో, ఖావర్ ఆగగానే, ఆ గొంతుల మధ్య నుంచి "అక్కా" అని తెలుగులో ఒక కేక లేచింది. హరనాథ్ ఉలిక్కిపడ్డాడు. కామేశ్వరి అక్క దివిసీమలో ఉండేది. 1977 ఉప్పెనలో కొట్టుకుపోయింది, శవం కూడా దొరకలేదు. టెలిగ్రామ్ వచ్చిన మర్నాడు కామేశ్వరి లంచ్ బాక్స్ సర్దుకుని ల్యాబ్‌కి వెళ్లింది. ఇక్కడ ఎవరి ముందు ఏడుస్తాను అంది అప్పుడు. ఐదేళ్లు మోసిన ఏడుపు అది. కుర్దుల భాషా ఎరగదు, లక్ భాషా ఎరగదు, కానీ ఖావర్ చోటిచ్చిన ప్రతిసారీ ఆవిడ రాగం తీసి అందుకుంది. మాహ్‌తాబ్ ఒక చెయ్యి ఆవిడ వీపు మీద వేసింది.

గౌహర్ మాత్రం ఒక్క చోట కూడా అందుకోలేదు. కళ్లలో తడి కూడా లేదు. టేపు చివరికొచ్చింది. ఖావర్ ఆఖరి మాట పాడింది, ఆడవాళ్లు అందుకున్నారు, కేసెట్ టక్కుమని ఆగిపోయింది. ఫరీదూన్ వెళ్లి ప్లేయర్ తీసేయబోయాడు. అంతా అయిపోయిందనుకుని ఎవరో టీ గ్లాసుల వైపు కదిలారు. తల్లి పాడింది తండ్రి కోసం. తల్లి కోసం ఇంకా ఎవరూ పాడలేదన్నది ఆ గదిలో ఎవరికీ తట్టలేదు, కూతురికి తప్ప.

గౌహర్ అరచెయ్యి చెవి పక్కన ఆనించుకుంది. మొదట గాలే వచ్చింది. మళ్లీ ఎత్తుకుంది. దాలగ, అమ్మా, అంది. ఖావర్ అని పేరు పెట్టి పిలిచింది. గుడారంలో చలికి నీ కాళ్లెవరు కప్పారు అని అడిగింది. స్వరం తప్పింది, తల్లి వరసలో సగం కూడా లేదు. అయినా పైనుంచి కిందికి దాన్ని ఈడ్చుకుంటూ తెచ్చి, ఆగవలసిన చోట ఆగింది. ఆగి, చుట్టూ ఉన్న మొహాలకేసి చూసింది.

ఆడవాళ్లందరూ ఒక్కసారిగా అందుకున్నారు. వంటింటి గోడ దగ్గర నిలబడిన హరనాథ్ కూడా నోరు తెరిచి, ఏ స్వరమో చూసుకోకుండా, వాళ్లతో కలిసి గొంతెత్తి ఏడ్చాడు.